విప్పిన ఊలు

పాత బట్టల కొట్లో చేత్తో అల్లిన స్వెటర్ ఒకటి పట్టుకుని అటూ ఇటూ తిప్పారు కదా, ఏం చూశారో చెప్పండి. రంగు చూశారు. మోచేతుల దగ్గర చిరుగుందేమో చూశారు. తిరగేసి లోపలి వైపు చూశారా? చూసి ఉండరు. నలభై ఏళ్ళు అల్లిక సూదులు పట్టిన నడీనే చూడలేదు.

అమెరికాలో ఒహైయో నది ఒడ్డున పింగాణీ కార్ఖానా మూతపడ్డ ఊరు అది. నడీన్, ఆమె అక్క ట్వైలా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ట్వైలా ముప్పై ఏళ్ళు ఆ కార్ఖానాలో కప్పులకు పిడులు అతికించింది. ఆ మట్టి దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడింది. ముక్కుకి గొట్టం, మంచం పక్కన రోజంతా రొదపెట్టే ఆక్సిజన్ యంత్రం. దుమ్ము ఆపేందుకు మూతికి గుడ్డలివ్వండని అప్పట్లో అక్కాచెల్లెళ్ళిద్దరూ కార్ఖానా గేటు ముందు పదకొండు వారాలు మంచులో నిలబడ్డారు. గుడ్డలొచ్చాయి. ట్వైలాకి మాత్రం ఆలస్యంగా వచ్చాయి. ఈ చలికాలం దాటడం కష్టమని డాక్టరు చెప్పేశాడు.

నడీన్ మంత్రగత్తె. ఆ మాట చెప్పుకోవడానికి ఏనాడూ సిగ్గుపడలేదు. పౌర్ణమి నాడు మరో నలుగురు ఆడవాళ్ళతో కలిసి కొవ్వొత్తులు వెలిగించేది. సామానంతా పాత కొట్లలో ఏరుకున్నదో, చేత్తో చేసుకున్నదో. ఎవరిదో జామ్ సీసాలో ఉప్పు, ఎవరిదో ఇత్తడి యాష్‌ట్రేలో ధూపం. అక్క ఊపిరి కోసం, ముడికో మంత్రం చదువుతూ వేసే తొమ్మిది ముళ్ళ తాళ్ళు ఇప్పటికే ఆరు కట్టింది. ఒక్కటీ పనిచెయ్యలేదు. కొత్త ఊలులో ప్రాణం ఉండదు, ఎవరో తొడుక్కున్న ఊలు కావాలనుకుని ఆ రోజు చర్చి వాళ్ళ పాత బట్టల కొట్టుకి వెళ్ళింది.

"ఈసారి ఎవర్ని కప్పని చేస్తున్నావ్ నడీన్?" అంది కొట్లో కూర్చునే కార్లిస్.

"నిన్నే చేద్దామనుకున్నా. పెద్ద తేడా తెలీదని మానేశా."

కార్లిస్ నవ్వి, నడీన్ చేతిలోని బూడిదరంగు స్వెటర్ చూసి నవ్వాపింది. "అదా? మూడుసార్లు అమ్మాం, మూడుసార్లూ తిరిగొచ్చింది. ఛాతీ దగ్గర బిగుతట. చూస్తే ఇద్దరు పట్టేలా ఉంది."

"నేను తొడుక్కోనులే. విప్పేస్తాను."

ఊరూ పేరూ తెలియని వస్తువుని మూడు రోజులు ఉప్పులో ఉంచాకే ముట్టుకోవాలని ఆ ఐదుగురు మంత్రగత్తెల నియమం. కొత్తగా చేరినవాళ్ళకి ఆ పాఠం చెప్పేది నడీనే. కానీ ట్వైలా రెండు రాత్రుళ్ళుగా కూర్చునే ఉంది, పక్కకి ఒరిగి పడుకున్నా ఊపిరాడక. మూడు రోజులట, మూడు రోజులు. నడీన్ స్వెటర్‌కి ఒకసారి రోజ్‌మేరీ ఆకుల పొగ చూపించి, మధ్యాహ్నం మూడింటికి అక్క మంచం పక్కనే కూర్చుని మెడ దగ్గర దారం లాగింది.

ఛాతీ దాకా వరసలు చక్కగా వచ్చాయి. ఆ తర్వాత ముడి తగిలింది.

"ఎవత్తో గానీ దీన్ని అల్లింది..." అని గోటితో ముడి విప్పింది. తడిసిన ఊలు వాసన, దాని కింద మరేదో పుల్లటి వాసన. మరో రెండు వరసల తర్వాత ఇంకో ముడి. మళ్ళీ ఇంకోటి. నడీన్‌కి ఒళ్ళు మండింది. ఇంత సాఫీగా అల్లిన మనిషి దారం ముడేస్తుందా? చివర్లు లోపలికి దూర్చి కనపడకుండా చేస్తుంది. పైగా ముళ్ళన్నీ ఒక్కచోటే, ఛాతీ మధ్యలో, లోపలి వైపు. నాలుగో ముడిలో నెరిసిన వెంట్రుక చుట్టి ఉంది.

నడీన్ అప్పుడే ఆపేయాల్సింది. ఒకరు వేసిన ముడిని ఇంకొకరు విప్పకూడదు, అందులో ఏం కట్టి ఉంచారో తెలీదు. తాడు విషయంలో ఆ సంగతి నడీన్‌కి తెలుసు. అలాంటి ముడి స్వెటర్‌లో ఉంటుందని ఎవరనుకుంటారు?

నాలుగోదీ విసురుగా విప్పింది. ఎవరో 'హా' అని ఊపిరి వదిలినట్టయింది. యంత్రం అనుకుంది. ఐదోది విప్పింది. మళ్ళీ 'హా...'

ట్వైలా దగ్గు ఆగింది.

"నడీన్..." గుసగుసగా అంది. "తేలిగ్గా ఉందే."

నడీన్ సంతోషంతో గబగబా విప్పసాగింది. ఆరు. ఏడు. అక్క మొహంలోకి రంగొచ్చింది. ఎనిమిది. ట్వైలా ముక్కు గొట్టం తీసేసి, చెయ్యి చాచి యంత్రం కట్టేసింది.

"అక్కా, ఏం చేస్తున్నావ్?"

"అవసరం లేదే. చూడు, ఎంత హాయిగా..."

తొమ్మిది.

రొద ఆగిన గదిలో ఊపిరి వినిపించింది. నిండుగా, నిదానంగా. కిటికీ బయట మంచు పడుతోంది. ఆరేళ్ళ తర్వాత ట్వైలా వెల్లకిలా పడుకుంది. నవ్వుతోంది. నడీన్ కళ్ళు తుడుచుకుంది. ఒక్క క్షణం... అంతే. ఆ ఊపిరి చప్పుడు మంచం మీంచి రావడం లేదు.

టీ చెంచా తీసుకుని అక్క ముక్కు దగ్గర పెట్టింది. మసక పట్టలేదు. అరచెయ్యి పెట్టింది. గాలి తగల్లేదు. ఛాతీ మాత్రం లేస్తోంది... దిగుతోంది...

నాలుగడుగుల దూరంలో కిటికీ అద్దం మీద ఆవిరి కమ్మింది. పోయింది. మళ్ళీ కమ్మింది. ట్వైలా ఛాతీ లేచినప్పుడు పోతోంది, దిగినప్పుడు కమ్ముతోంది. అద్దం ముందు ఎవరూ లేరు.

"అక్కా..." నడీన్ అక్క భుజం పట్టుకుంది.

"పిచ్చిదానా, ఏడుస్తావెందుకు? రేపు నాతో నది దాకా నడుద్దువు గాని." గొంతు ట్వైలాదే. ఆ తర్వాత మెల్లగా, కిటికీ వైపు చూడకుండానే అంది: "ఆవిణ్ణి కూర్చోమను. చాలాసేపట్నించి నిలబడే ఉంది."

నడీన్ ఒళ్ళో ఊలంతా వదులుగా పడి ఉంది. ముళ్ళున్న చోట్ల దారం ఇంకా మెలిపడే ఉంది, తొమ్మిది చోట్ల. మళ్ళీ వెయ్యడం కష్టం కాదు. వేస్తే కిటికీ దగ్గరి ఆవిడ మళ్ళీ ముళ్ళలోకి వెళ్ళిపోతుంది, అక్కకి దగ్గు తిరిగొస్తుంది, లేదా ఏ ఊపిరీ రాదు.

ఇప్పుడు చెప్పండి. మంచం మీద మీ అక్క నవ్వుతుంటే, ఆ దారం మీ చేతిలో ఉంటే, మీరు ముడి వేస్తారా?