దుంకు

"ఇంకోసారి, సుంకులమ్మగారూ. తెలియదు అని చెప్పండి."

'తెల్దు' అందామనుకుంది సుంకులమ్మ. గొంతు కదిలింది. బయటికి మాత్రం "తెలియదండీ" అని వచ్చింది. ఉలిక్కిపడి మెడకు చుట్టిన పట్టీని తడుముకుంది.

డాక్టర్ వైజయంతి నవ్వింది. "భయపడకండి. మాట రాకముందే గొంతు కండరాలకు సిగ్నల్ వస్తుంది. పట్టీ దాన్ని పట్టుకుని, యాస దిద్ది, కండరాలకు పంపుతుంది. ముప్పై రోజులకు కండరాలే నేర్చుకుంటాయి. తర్వాత పట్టీతో పనిలేదు."

"ఊరికి వెళ్లినప్పుడు నా మాట నాకు వస్తుందాండీ?"

"ఎందుకు రాదు? మీ మాటే కదా!"

ఆ సంగతి ఎవరూ పరీక్షించలేదు. పరీక్షించమని అడిగినవాళ్లూ లేరు.

సుంకులమ్మ తండ్రి మద్దిలేటి బేతంచెర్ల దగ్గర గనిలో బండలు తీస్తాడు. ఇంజనీరింగ్‌లో ఫస్టు వచ్చిన పిల్ల. అయినా మూడు ఇంటర్వ్యూల్లో ఆమె నోరు తెరవగానే అవతలివాళ్లు నవ్వు ఆపుకున్నారు. నాలుగోదానికి పట్టీతో వెళ్లింది. ఉద్యోగం వచ్చింది. కానీ కుదురు పోయింది. క్యాంటీన్లో కూర్చునేది, లేచేది, మళ్లీ కూర్చునేది. తన గొంతు వింటే పక్కన ఇంకెవరో ఉన్నట్టు తిరిగి చూసేది.

ముప్పై ఒకటో రోజు పట్టీ తీసి బ్యాగులో పడేసి పొద్దున్నే బస్సెక్కింది. గని అంచున నిలబడి నాయనను ఒక్కసారి గట్టిగా పిలవాలి. అంతే.

కింద మద్దిలేటి సమ్మెట ఎత్తుతున్నాడు. ఆయన వెనక, పైన, ఒక బండ కదిలింది.

గనిలో దానికి ఒకటే కేక ఉంది. దుంకు! అది చెవిన పడితే ఎటు అని చూడరు, ఎందుకు అని అడగరు. దూకుతారు.

'నాయనా, దుంకు!' అని ప్రాణం పెట్టి అరిచింది.

"నాన్నగారూ, దయచేసి పక్కకు జరగండి!" అని గనిలో మోగింది.

మద్దిలేటి సమ్మెట దించాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. చేతులు కట్టుకుని, కదలకుండా నిలబడ్డాడు.

ఆస్పత్రిలో కుడికాలు మోకాలి కింద తీసేశారు.

"ఎవురో పెద్దింటామె వాళ్ల నాయనను పిలుస్తాందనుకుంటి, పాపా," అన్నాడు తెలివి రాగానే. "ఆఫీసర్లు వచ్చినారేమో అని నిలబడితి."

సుంకులమ్మ డాక్టర్‌కు ఫోన్ చేసి ఏడ్చింది. అవతలినుంచి వైజయంతి అంది: "వెనక్కి మార్చాలంటే మీ ఊరి మాటల రికార్డులు ఉండాలమ్మా. మేము దాచలేదు. పనికొస్తాయనుకోలేదు."

అందుకని మద్దిలేటే నేర్పుతున్నాడు.

"నాయనా అను మే."

"నాన్నగారూ..."

"థూ, మళ్లా అను!" అంటాడు, నవ్వుతూనే. అంటాడు గానీ, ఆ గొంతు చెవిన పడ్డ ప్రతిసారీ తలగుడ్డ మీదికి చెయ్యి పోతుంది. లేని కాలు కింద మోపి, మంచం మీంచి లేచి నిలబడబోతాడు.