స్లాబు కింద భోజనం

తాను చేసింది సమాజసేవ అనుకున్నాడు ఎబెన్.

స్మృతి నగర్‌లో కడుతున్న ఆ నర్సింగ్ హోమ్ పైకి కెమెరా పుచ్చుకుని ఎక్కేసరికి, స్లాబంతా సిమెంటు గట్లు పోసిన చిన్న చిన్న మడులు కనిపించాయి. మడుల నిండా నీళ్ళు. ఎబెన్ ఆ ఊళ్ళోనే, రుఆబాంధాలోని స్టీలు ప్లాంటు క్వార్టర్లలో, హిందీ మాట్లాడేవాళ్ళ మధ్య పుట్టి పెరిగినవాడు. అక్కడ దోమల సీజను వస్తే నిల్వ నీళ్ళ గురించి మైకులో చెప్పుకుంటూ తిరుగుతారు. వాళ్ళమ్మ లూసీ ప్రతి ఆదివారం కూలరు బోర్లించి నీళ్ళు పారబోస్తే గాని చర్చికి బయల్దేరదు. అలాంటి ఇంటి బిడ్డ ఇన్ని నిల్వ నీళ్ళు చూసి ఎలా ఊరుకుంటాడు? వాచ్‌మన్‌ ఎక్కడున్నాడో అని కూడా చూడలేదు. పక్కనున్న ఇనప చువ్వతో గట్లన్నీ తెగ్గొట్టాడు. నీళ్ళన్నీ జలజలా గొట్టాల్లోంచి కిందికి పోయాయి. ఆ తర్వాత ఫోటోలు చాలా శుభ్రంగా వచ్చాయి.

అప్పుడు ఉదయం పదకొండు. సాయంత్రం నాలుగింటికి పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి ఒకతె చరోదా నుంచి స్కూటీ మీద వచ్చి, తిన్నగా మేడెక్కి, ఎండిన స్లాబు ముందు నిలబడిపోయింది.

"ఈ నీళ్ళు ఎవరు తీశారు?"

"నేనే మేడమ్," అన్నాడు ఇంకా ఫోటోలు తీస్తూనే ఉన్న ఎబెన్, మెచ్చుకుంటుందేమోనని కొంచెం ముందుకు వచ్చి. "డెంగ్యూ కదా. నిల్వ నీళ్ళు డేంజర్."

ఆమె అతన్ని కింది నుంచి పైకి ఒకసారి చూసింది. "మీరు డాక్టరా?"

"ఫోటోగ్రాఫర్ని. శంకరరావు సార్ కంపెనీ పుస్తకానికి ఫోటోలు తీయమన్నారు. పేరు ఎబెన్."

"నేను షీబా, ఈ సైటు ఇంజినీర్ని. ఈ స్లాబు పోసి ఇవాళ్టికి మూడు రోజులు. సిమెంటు గట్టిపడేదాకా తడి ఆరకూడదు. ఆరిందంటే బీటలిస్తుంది. ఆ నీళ్ళు అందుకు కట్టాం, దోమల్ని పెంచడానికి కాదు."

ఎబెన్ మొహం సున్నం కొట్టినట్టయింది. "సారీ మేడమ్. మళ్ళీ మోటార్ వేసి నింపేద్దాం."

"వేయండి. కరెంటు పోయి గంటైంది."

"మరి ఎలా?"

షీబా మూలనున్న రెండు బకెట్లు చూపించింది. ఒకటి అతని చేతికిచ్చి, రెండోది తను తీసుకుంది.

కింద సంపు దగ్గర్నుంచి రెండంతస్తులు. ఎబెన్ పద్దెనిమిదో బకెట్ దాకా లెక్కపెట్టాడు, ఆ తర్వాత ఊపిరి చాలక మానేశాడు. షీబా మాత్రం మెట్ల మీద అతన్ని దాటిపోతూ, "డాక్టరు గారూ, త్వరగా," అంటూనే ఉంది. తెగిన గట్లు ఆమే సిమెంటు కలిపి పూసింది. ఆఖరి మడి నిండి, ఎబెన్ స్లాబు అంచున కూలబడ్డాక ఫెళ్ళున వాన దిగింది. ఆ ఏటికి మొదటి వాన అది.

"అరగంట ముందొస్తే దీని సొమ్మేం పోయింది?" అన్నాడు ఎబెన్ ఆకాశం కేసి చూస్తూ.

షీబా నవ్వాపుకోలేకపోయింది. హెల్మెట్ మీద చినుకులు టపటపమంటుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎబెన్ నడుం నొప్పి మరిచిపోయాడు. ఇంకో పది బకెట్లు మొయ్యమన్నా మోసేవాడే.

మర్నాడు చంపావతి బిల్డర్స్ ఆఫీసులో శంకరరావు అతన్ని కూర్చోబెట్టి పని మొత్తం వివరించాడు. ఆయన విజయనగరం వైపు నుంచి వచ్చి, ప్లాంటులో కొన్నాళ్ళు పనిచేసి, బయటికొచ్చి ఈ కంపెనీ పెట్టాడు.

"కొత్త కాలేజీ కడతన్నారు. ఆ పని మనకి రావాలి. ఏటేటి కట్టారు, ఎవరెవరికి కట్టారు అని అడుగుతన్నారు. అన్నీ కడతాం బాబూ అంటే సాల్దంట. బొమ్మలతో పుస్తకం కావాలంట. షీబా నిన్ను తిప్పుద్ది. నాలుగు వారాలు టైముంది."

నాలుగు వారాలు షీబా స్కూటీ వెనకాల తిరగడం పనే అయితే, ఇలాంటి పని ఎబెన్ జీవితమంతా చేయగలడు.

మొదట చరోదాలో గోదాము. ఖాళీ గోదాముని ఏం ఫోటో తీయాలో తెలియక నిలబడితే, షీబా జేబులోంచి గోళీ తీసి నేల మీద పెట్టింది. గోళీ కదల్లేదు.

"ఇదీ మా పనితనం. ఇంత నేల, ఎక్కడా వాలు లేదు. సామాన్ల బళ్ళు తూలకుండా పోతాయి."

"జేబులో గోళీలు పెట్టుకు తిరుగుతారా మీరు?"

"మీరు కెమెరా పెట్టుకు తిరగట్లేదా?"

తర్వాత దుర్గ్ దారిలో కోల్డ్ స్టోరేజ్. గోడలో ఇంకో గోడ, మధ్యలో చలి బయటికి పోకుండా పొర. బయట నలభై మూడు డిగ్రీలు కాస్తుంటే లోపల టమాటాల మధ్య ఇద్దరూ వణికారు. ఫోటోలన్నీ అదిరి మసకగా వచ్చాయి. చలి వల్ల అన్నాడు ఎబెన్. పక్కన షీబా నిలబడ్డందువల్ల కూడా అని మనసులో ఒప్పుకున్నాడు.

అటు తర్వాత రుఆబాంధా దగ్గర చిన్నపిల్లల స్కూలు. అక్కడ మెట్లు మామూలు మెట్ల కంటే పొట్టిగా ఉంటాయి. కట్టే ముందు మేస్త్రి ప్రభుదాసు ఒకటో క్లాసు పిల్లల్ని వరసగా నిలబెట్టి వాళ్ళ మోకాళ్ళ ఎత్తు కొలిచాడట. ఆ మాట చెప్పింది ప్రిన్సిపాల్ సుచిత్ర.

"ఆయన షీబా వాళ్ళ నాన్నే," అందావిడ. "సెంట్రింగ్ విప్పి, కింద సపోర్టులన్నీ తీసేసిన రోజున ఆయనేం చేశారో తెలుసా? భార్యనీ ఈ పిల్లనీ తీసుకొచ్చి, స్లాబు కింద నట్టనడుమ చాప పరిచి, ముగ్గురూ చేపల పులుసుతో అన్నం తిన్నారు. నాకు అంతకంటే గ్యారంటీ ఏం కావాలి?"

బయటికొచ్చాక ఎబెన్ అడిగాడు. "ప్రతి బిల్డింగ్‌కీ అలా చేస్తారా?"

"ప్రతి దానికీ. తన వాళ్ళని కూచోబెట్టలేని కప్పు ఇంకొకళ్ళ నెత్తిన పెట్టకూడదంటాడు నాన్న."

"నర్సింగ్ హోమ్‌లో కూచున్నప్పుడు నేను ఫోటో తీస్తా. పక్కన కూచుని."

"దూరం నుంచి తీసుకోండి. చాప మీద ఇంటివాళ్ళే కూచుంటారు. శంకరరావు సార్ కూడా ఇన్నేళ్ళలో ఒక్కసారీ కూచోలేదు."

ఆ క్షణం నుంచి ఎబెన్‌కి ప్రపంచంలో కావలసింది ఒక్కటే అయింది: ఆ చాప మీద ఒక జానెడు చోటు.

చర్చి కమ్యూనిటీ హాలుకి వెళ్ళిన రోజు బయట వాన ఆగకుండా పడుతోంది. అంత పెద్ద హాలులో మధ్యన ఒక్క స్తంభమూ లేదు.

"పెళ్ళికూతురు నడిచొస్తుంటే ఏ మూలన కూచున్నవాళ్ళకైనా కనపడాలి కదా," అంది షీబా. "అందుకే ఇలా కట్టాం."

ఎబెన్ కెమెరా దించాడు. ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది.

"షీబా గారూ, నా తెలుగు అంత బాగోదు. సీధా చెప్పేస్తా. మీరంటే నాకు చాలా ఇష్టం."

షీబా కిటికీ వైపు తిరిగింది. "నర్సింగ్ హోమ్ స్లాబు పోసి ఎన్ని రోజులైంది?"

"ఇరవై," అన్నాడు ఎబెన్, ఈ ప్రశ్న ఎందుకో తెలియక.

"ఇరవై ఎనిమిది కానివ్వండి. తొందరపడి సపోర్టులు తీసేసినవాళ్ళని చూశాను నేను."

ఇది అవునో కాదో తెలియక ఎబెన్ ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇరవై అయిదో రోజున పుస్తకంలో వేయడానికని సైటు రిజిస్టర్ ఫోటో తీస్తుంటే జూన్ పదో తారీకు పేజీ తగిలింది. షీబా చేతిరాత. 'స్లాబు మీద పదకొండు నుంచి నాలుగు దాకా నీళ్ళు లేవు. బాధ్యత నాది.' కింద ఆమె సంతకం. ఎబెన్ పేరు ఎక్కడా లేదు.

"ఇదేంటి సార్?" అని శంకరరావుని అడిగాడు.

"షీబా ఒక్కతే సంతకం పెట్టిన మొదటి స్లాబు అది. ఇరవై ఎనిమిదో రోజు నర్సింగ్ హోమ్ వాళ్ళ ఇంజినీరొచ్చి గట్టిదనం కొలుస్తాడు. తేడా వస్తే కాలేజీ పని షీబాకి ఒప్పజెప్పలేను బాబూ. దాని మనసంతా ఆ పని మీదే ఉంది."

మొహం మీద అన్ని చీవాట్లు పెట్టిన మనిషి, కాగితం మీద ఎబెన్ పేరు దాచేసింది. బల్ల మీది పెన్ను తీసుకుని ఆ సంతకం కింద రాశాడు: 'నీళ్ళు తీసింది నేను. ఈమెకు చెప్పలేదు. ఎబెన్.' రాసి రిజిస్టర్ శంకరరావు ముందు పెట్టాడు.

"పుస్తకం పని నీకు తీసేస్తానని భయం నేదేటి?"

"ఉంది సార్. అయినా నిజం అదే."

శంకరరావు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. పుస్తకం పని తీసెయ్యలేదు.

సాయంత్రం షీబా ఆ రిజిస్టర్ చంకలో పెట్టుకుని అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. "నా రిజిస్టర్‌లో మీరెందుకు రాశారు?"

"మీ పేరొక్కటే ఉంటే బాగోలేదు."

"సైటు నాది. అక్కడ ఎవరేం చేసినా నా బాధ్యతే."

"అయితే నేను కూడానా?"

ఆమె గిర్రున వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. స్కూటీ స్టార్ట్ చేయడానికి మాత్రం నాలుగుసార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

ఇరవై ఎనిమిదో రోజు వచ్చింది. సెంట్రింగ్ మొత్తం విప్పేశారు. నర్సింగ్ హోమ్ వాళ్ళ ఇంజినీర్ సుత్తిలాంటి పరికరం ఒకటి స్లాబుకి ఆనించి ఒక్కో చోటా కొట్టి అంకెలు రాసుకుంటున్నాడు. ఎబెన్ మనసులో ప్రార్థన చేస్తున్నాడు. చిన్నప్పుడు పరీక్షల ముందు కూడా అంత భక్తిగా చేయలేదు.

"అన్ని చోట్లా రావాల్సిన దానికంటే ఎక్కువే ఉంది. బహుత్ బఢియా," అన్నాడు ఇంజినీర్.

షీబా హెల్మెట్ తీసి రెండు చేతులతో గుండెకి హత్తుకుంది. ఎబెన్ అటు చూడకుండా ఉండటానికి కెమెరా కన్నులోంచి గోడ కేసి చూస్తూ కూర్చున్నాడు.

ప్రభుదాసు నట్టనడుమ చాప పరిచాడు. ఆయన భార్య లిల్లీ క్యారేజీ విప్పింది. షీబా విస్తళ్ళు వేసింది. పది గజాల దూరం నుంచి ఫోటోకి సిద్ధమవుతున్న ఎబెన్ ఒక కన్ను మూసి చూశాడు, మళ్ళీ రెండు కళ్ళతోనూ చూశాడు. విస్తళ్ళు నాలుగున్నాయి.

"నీళ్ళు పారబోసినోడివి నువ్వేనేటి బాబూ?" అని కేకేశాడు ప్రభుదాసు.

"నేనేనండి."

"ఈ స్లాబు మీద నమ్మకం ఉందా?"

"స్లాబు మీద ఉందండి. నా మీదే లేదు."

మేస్త్రి మీసాల్లో నవ్వుకున్నాడు. "నాలుగో ఆకు నేనెయ్యనేదు. మా గుంట ఏసింది. ఎందుకేసిందో దాన్నే అడుగు."

షీబా అన్నం వడ్డిస్తూ తలెత్తకుండా అంది. "ఇరవై ఎనిమిది రోజులు అయ్యాయి కదా."

"ఆ కెమెరా పక్కనెట్టి కూకో బాబూ, పులుసు సల్లారిపోద్ది," అన్నాడు ప్రభుదాసు.

ఎబెన్ వచ్చి కూర్చున్నాడు. పైన అంత పెద్ద స్లాబు, కింద తను. ఇంత హాయిగా ఎప్పుడూ ఎక్కడా కూర్చోలేదనిపించింది. అతని కళ్ళలో నీళ్ళు చూసి, పులుసు కారంగా ఉందేమోనని లిల్లీ మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. షీబాకి మాత్రం సంగతి తెలుసు. తన విస్తట్లోని చేపముక్క తీసి అతని విస్తట్లో వేసింది.

వదిలేసిన కెమెరాని, పరీక్ష చూడ్డానికి వచ్చిన శంకరరావు తీసుకుని ఒక ఫోటో నొక్కాడు. మూలన ఆయన బొటనవేలు కూడా పడింది. అయినా పుస్తకం మొదటి పేజీలో అదే వేశారు. కాలేజీ వాళ్ళు గోదాము, కోల్డ్ స్టోరేజ్, స్కూలు, హాలు అన్నీ తిరగేసి, మళ్ళీ ఆ పేజీకే వచ్చి ఆగారట. పని చంపావతి బిల్డర్స్‌కి వచ్చింది. సైటు ఇంజినీర్ షీబా.

ఎబెన్ ఒక కాపీ ఇంటికి తెచ్చాడు. లూసీ కళ్ళజోడు పెట్టుకుని ఫోటో చూసింది. కింది వాక్యం కూడబలుక్కుని పైకి చదివింది.

"'మేస్త్రి ప్రభుదాసు, ఆయన ఇంటివాళ్ళు.' నువ్వెప్పుడు కలిశావురా ఇందులో?"

ఎబెన్ తల గోక్కున్నాడు. లూసీ ఫోటోలోని అమ్మాయిని చాలాసేపు చూసింది. ఆ పక్కనే, నోట్లో అన్నం ముద్దతో, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్న కొడుకుని కూడా చూసింది.

ఆ ఆదివారం చర్చి కాగానే ఆవిడ ఇంటికి రాలేదు. కూలరు బోర్లించే పని పొద్దున్నే కొడుక్కి అప్పగించేసిన మనిషి, సంచీలో అరటిపళ్ళు వేసుకుని, మేస్త్రి ఇంటికని చరోదా వెళ్ళే ఆటో ఎక్కింది.