గొడుగులపేట అబద్ధం

"ఆ బురద కాళ్లతో ఎక్కితే చీరలు నువ్వు ఉతుకుతావా ఏటి?"

చౌక్తడా పేటలోని బట్టల కొట్టు మెట్టు మీద మంగరాజు ఆగిపోయాడు. బయట రంగూను వాన. లోపల, కొట్టు సావుకారైన తండ్రి రామలింగం పక్కన కూర్చుని ఆ మాటన్న సూర్యావతి చూపులు అంతకంటే జోరుగా ఉన్నాయి.

"ఇదీ ఒక వానేటి? జపాన్లో సూడాలి," అన్నాడు, ఏదో ఒకటి అనాలి కనక.

"జపానెల్లినావా!"

"ఒసాకా. పట్నమంతా తిరిగినాను."

ఆ ఒక్క మాటే కొంప ముంచింది. అహ్లోన్ బియ్యం మిల్లులో ఇంజను దగ్గర పనిచేసే మంగరాజుకు ప్రతి ఆదివారం తువ్వాలో పంచో కొనే అవసరం పడసాగింది. వెళ్లినప్పుడల్లా సూర్యావతికి ఒసాకాలో ఒక కొత్త పేట కావాలి. బొమ్మలు చేసేవాళ్ల పేట, గంటలు పోతపోసేవాళ్ల పేట... అతను కల్పిస్తూనే పోయాడు.

"గొడుగులపేటలో వానొస్తే ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి గొడుగులు కట్టేత్తారు. ఈదిలో సుక్క పడదు."

"ఒట్టు?"

"ఒట్టే!"

కొట్టూ ఇల్లూ తప్ప ఎరగని ఆ పిల్ల కళ్లు మెరిసేవి. ఆ మెరుపు కోసం అతను ఇంకో పేట కట్టేవాడు.

ఒక ఆదివారం మంగరాజు తువ్వాళ్లు చూస్తుండగా, ఊళ్లో ఉండే ఒక జపాను ఫోటోగ్రాఫరు భార్య కొట్టుకు వచ్చింది. ఆమెది ఒసాకా అని తెలియగానే సూర్యావతి ఆగలేకపోయింది. వచ్చీరాని హిందుస్తానీలో గొడుగులపేట గురించి గడగడా చెప్పేసింది.

ఆమె మర్యాదగా అంతా విని, "నేను అక్కడే పుట్టానమ్మా. అలాంటి పేట లేదు. ఎవరో నీతో వేళాకోళమాడారు," అంది.

కొట్టులో జనం గొల్లుమన్నారు. "గొడుగులపేట మారాణీ!" అన్నాడొకడు. సూర్యావతి మొహం కందిపోయింది. ఒక్క మాట కోసం మంగరాజు వైపు చూసింది.

మంగరాజు తువ్వాలు అంచు తిప్పుతూ, "దీని దరేటి?" అన్నాడు.

ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ వారమంతా ఇంజను హోరులో కూడా అతనికి తన గొంతే వినిపించింది. దీని దరేటి, దీని దరేటి! 

మళ్లీ ఆదివారం, కొట్టు నిండా జనం ఉండగా మెట్టు కింద నిలబడ్డాడు.

"సావుకారు గారూ, ఆ పేటలన్నీ నా అబద్దం. నాను ఓడలో బొగ్గేసేవోణ్ని. ఒసాకాలో మమ్మల్ని ఒడ్డుకే దిగనియ్యలేదు. మీ అమ్మాయి నవ్వులపాలైతే నోరెత్తలేదు."

రామలింగం విసురుగా లేచాడు. ఆయన నోరు తెరిచే లోపే సూర్యావతి లోపలి గుమ్మం తెర తప్పించుకుని వచ్చింది.

"పేట లేదని నాను ఏడవలేదు. అందరూ నవ్వుతంటే నువ్వు దర అడిగినావు. దానికేడ్సినాను."

ఆమె మెట్టు దాకా వచ్చింది.

"మరి ఒసాకాలో నిజంగా ఏటి సూసినావు?"

"ఓడ కంతలోంచి ఒక గోడౌను గోడ. దాని మీద వాన. కింద ఎవలో సెక్క సెప్పులతో నడిసేవోరు. మనుసులు అగుపడలేదు. టకటకా సప్పుడే. అది ఏ పేటకెల్తాదో అని సెవులొగ్గి వినేవోణ్ని."

కొట్టులో ఎవరూ నవ్వలేదు.

"ఇదే ముందు సెప్పుంటే..." అని ఆగి, ఆమె తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, పుట్టిన ఊరు, ఈ రంగూనే నాను సూడలేదు."

రామలింగం కూతురి వైపు తిరిగాడు. "వచ్చే ఆదివారం నది ఒడ్డున చిమిండైంగు బజారుకెల్తన్నాను. నువ్వూ రా. ఒరే, నువ్వు బండోడి పక్కన కూకుని దీనికి ఊరు సూపించు. అబద్దమాడితే అక్కడే దించేత్తాను."

ఆ ఆదివారం గుర్రబ్బండి చైనావాళ్ల దీపాల కొట్లు దాటింది, నది గాలి తగిలింది, మంగరాజు ఎరగని ఒక సందులోకి తిరిగింది. బర్మా ఆడవాళ్లు గుమ్మాల్లో కూర్చుని పూలు గుచ్చుతున్నారు.

"ఇది ఏ పేట?" వెనక నుంచి సూర్యావతి.

ఓ మంచి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అతను దాన్ని మింగేశాడు.

"తెలీదు," అన్నాడు.

సూర్యావతి కిలకిలా నవ్వింది. "అయితే దిగి అడుగుదాం రా!"

రామలింగం బండివాడి భుజం తట్టి బండి ఆపించాడు.