ఈ పని కోసమే ఈ నంబరు

"మీరు ప్రతిదీ మూడేసి చోట్ల దాస్తారు. అవసరం తీరాక చెరిపేయమంటోంది నా చట్టం. వినపడుతోందా?"

మొదటి మీటింగులో మొదటి మాట అది. అన్నది కంపెనీ కొత్తగా పెట్టుకున్న లాయరు. పడ్డది క్లౌడ్ సెక్యూరిటీ ఇంజనీరు. క్లౌడ్ చూసుకుంటాడు కనుక ఆఫీసంతా అతన్ని మబ్బు అనేది. పొద్దున్నే అతని మొహం చూసినవాళ్లు రెండర్థాల్లోనూ అనేవారు.

"చెరిపేస్తే, రేపు సర్వర్ పోయినప్పుడు ఏడ్చేది మేమండీ," అన్నాడు మబ్బు.

"దాస్తే, రేపు లీకైనప్పుడు ఏడ్చేది కస్టమరండీ!"

ఇద్దరికీ అప్పగించిన పని ఒక పట్టిక. ఎడమ గడిలో మబ్బు వాడే సెక్యూరిటీ ఫ్రేమ్‌వర్కు నియమం, కుడి గడిలో వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో దానికి సరిపడే సెక్షను. సంబంధం కలపడం లాంటి పని. సగం గడుల్లో అసలు సంబంధమే లేదు!

"రెండూ డేటాని కాపాడేవేగా. ఇంత రభస దేనికి?" అన్నాడు మబ్బు విసుగ్గా.

"మీ ఫ్రేమ్‌వర్కు డేటాని దొంగల నుంచి కాపాడుతుంది. నా చట్టం మనిషిని మీ నుంచి కాపాడుతుంది."

మబ్బుకి ముందు ఉరుము వినిపించింది. మెరుపు తర్వాత కనిపించింది, ఆవిడ నవ్వినప్పుడు.

వెళ్తూ తన నంబరిచ్చింది. "సందేహమొస్తే చేయండి. ఈ పని కోసమే ఈ నంబరు. ఒక పనికి తీసుకున్నది ఇంకో పనికి వాడకూడదు, తెలుసుగా?"

"తెలుసండీ. కుడి గడి."

సందేహాలొచ్చాయి. రానివి తెప్పించుకున్నాడు. అతని గదిలో మాట్లాడేవి అప్పటిదాకా రెండే: ఫ్రిజ్జు, సర్వర్ అలర్టు. ఫ్రిజ్జే నయం, కాస్త చల్లగా మాట్లాడేది.

"ఒరేయ్, నీతో మాట్లాడే ఆడమనిషిని నేనొక్కదాన్నేనట్రా?" అని వాళ్లక్క ఫోన్లో దెప్పేది.

"లిఫ్టులో ఒకావిడ మాట్లాడుతుందే అక్కా. ఏ అంతస్తో చెబుతుంది."

పట్టిక పూర్తయింది. పై వాళ్లు మెచ్చుకున్నారు. అంటే, అవసరం తీరింది. ఇంకెవరైనా అయితే ఆ నంబరుతో కొత్త కథ మొదలుపెట్టేవాడు. మనవాడు ఆవిడ మాట మనసులో దాచుకుని, నంబరు చెరిపేశాడు.

ఒక ఆదివారం వాన పట్టుకుంది. తెలియని నంబరు నుంచి ఫోను మోగింది.

"ఎవరండీ?"

అవతల ఉన్నది ఆవిడే. గంటల తరబడి వాదించగల మనిషికి 'ఊరికే చేశాను' అన్న రెండు మాటలు నోటికి రాలేదు. పెట్టేసింది.

తెలియని చోటు నుంచి వచ్చిన దేన్నీ లోపలికి రానివ్వకూడదని ఎడమ గడి వేదం. మబ్బు ఆ నంబరు బ్లాక్ చేసి, కిటికీ దగ్గర కూర్చుని వాన చూశాడు. ఆవిడా తన కిటికీలోంచి అదే వాన చూసింది. ఇద్దరి దగ్గరా చెరో కుర్చీ ఖాళీ.

ఆ తర్వాత కారిడార్లో అతను "గుడ్ మార్నింగండీ" అంటే ఆవిడ గోడకి జవాబిచ్చినట్టు తలూపి వెళ్లిపోయేది. తనతో పనైపోయింది కాబోలు, అనుకున్నాడు మబ్బు. అనుకుని, కాఫీ మిషను దగ్గర నిలబడే టైము మాత్రం ఆవిడ టైముకే మార్చుకున్నాడు.

అక్కడే పట్టుకుంది ఆవిడ.

"మబ్బుగారూ, నా గురించి మీ దగ్గర ఏమేం ఉన్నాయో చెప్పండి. అడిగే హక్కు చట్టం నాకిచ్చింది."

"నంబరు లేదండీ. పనైపోగానే చెరిపేశాను."

"చెరిపేశారా! మరి బ్లాకెందుకు చేశారు? ఆ ఆదివారం తర్వాత రెండుసార్లు చేశాను. కలవలేదు."

"అయ్యో, అది మీరా! ఒక్క మాట మాట్లాడొచ్చుగా!"

"ఎవరండీ అన్నారు. నిజమే, నేనెవర్ని అనిపించింది."

ఆవిడ వదల్లేదు. "ఇంకేమున్నాయి?"

"కాఫీలో చక్కెర వేసుకోరు, తాగి మొహం చిట్లిస్తారు. ఓడిపోయే వాదనకి ముందు కళ్లజోడు తీస్తారు. మధ్యాహ్నం ఒక్కరే తింటారు, ఫోన్లో ఏదో చూస్తున్నట్టు. అందులో ఏమీ ఉండదు. నాకు తెలుసు. నేనూ అలాగే తింటాను."

"ఇదంతా ఎవరి అనుమతితో సేకరించారు?"

గొంతు లాయరుదే. కళ్లజోడు మాత్రం తీసేసింది.

"ఎవరూ ఇవ్వలేదండీ. చెరిపేయడం నా వల్ల కాలేదు." నెమ్మదిగా అడిగాడు. "ఆదివారం ఏం పనిమీద చేశారు?"

"ఏ పనీ లేదు. పొద్దున్నుంచీ ఎవరితోనూ మాట్లాడలేదు. మీతో మాట్లాడాలనిపించింది. ఎంత వెతికినా దానికి సెక్షను దొరకలేదు."

అతను ఫోను తీసి బ్లాక్ ఎత్తేశాడు. నమ్మకం కుదరక ఆవిడ అక్కడికక్కడే డయల్ చేసింది. మోగింది. ఎదురుగా నిలబడే ఇద్దరూ ఫోన్లు చెవిన పెట్టుకున్నారు.

"ఈ ఆదివారం ఖాళీయేనా అండీ? మీటింగు పెడతాను."

"మీటింగు పెట్టకండి," అంది ఆవిడ, అడుగు దూరం నుంచి ఫోన్లోనే. "మీరు రండి."