చూడకుండా పంపిన లిస్టు

ఉదయం ఏడున్నరకి ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, వంటింట్లోంచి వచ్చే కబుర్లకు ఊ కొడుతున్నాడు. ఆ ఇంట్లో భార్య నోట్లో నువ్వుగింజ నానదు, ఆయన కడుపులో మాట పెదవి దాటదు. ఉద్యోగం అలాంటిది మరి. ఫోన్ కంపెనీలో, పోలీసులు ఎవరి నంబరు అడిగితే ఆ నంబరు కాల్ లిస్టు తీసి పంపే పని ఆయనది. పదిహేనేళ్లలో ఒక్క లిస్టూ చదవలేదు. అది పక్కవాళ్ల ఉత్తరం విప్పడంతో సమానమని ఆయన నమ్మకం. ఆ నమ్మకం గురించి నలుగురిలో చెప్పుకునేవాడు కూడా.

అంతలో కూతురు రాత్రి డ్యూటీ నుంచి వచ్చింది. మొగుళ్ల దెబ్బలకు ఇల్లు విడిచిన ఆడవాళ్లకు నీడనిచ్చే చోట పనిచేస్తుంది. చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"ఏమైందే?" అంది తల్లి, టీ గ్లాసు చేతికిస్తూ.

"నిన్న ఒకావిడ మొగుడు మా గేటు దాకా వచ్చాడమ్మా. అతని చేతిలో ఆవిడ కాల్ లిస్టు ఉంది. అందులో నా నంబరు కింద ఎర్రగీత. అది ఎవరిదో ఆరా తీసి నా వెనకాలే వచ్చాడు."

"అయ్యో. ఆ పిల్లకేం కాలేదుగా?"

"వెనక గోడ దూకించి పంపేశాం. చంటిబిడ్డతో దూకింది. కాలు విరిగింది."

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. చొక్కా కాలుతున్న వాసన వచ్చింది.

"ఆ ఇన్‌స్పెక్టరేనా?" అన్నాడాయన.

కూతురు తల తిప్పి చూసింది. "అతను ఇన్‌స్పెక్టరని నేను చెప్పలేదే, నాన్నా."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది. ఆయన ప్లగ్గు పీకి, మంచం అంచున కూర్చున్నాడు.

"పోయిన వారం ఫోన్ చేశాడు. ఒక ఆడమనిషి నంబరిచ్చి, అర్జెంటు కేసు, పై అధికారి సంతకంతో ఆర్డరు కాగితం సాయంత్రానికి వస్తుంది, ముందు లిస్టు పంపమన్నాడు. ఎప్పుడూ అంతే కదా అని పంపాను. కాగితం రాలేదు. నేనూ అడగలేదు."

"ఆ లిస్టులో నా నంబరు నలభై సార్లుంది. ఒక్కసారి చూసుంటే ఆగేవాడివి కాదా?"

"చూడకపోవడమే మర్యాద అనుకున్నానమ్మా."

"కాగితం అడక్కపోవడం కూడా మర్యాదేనా?"

తల్లి మధ్యలోకి వచ్చింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆయనేం కావాలని చేశారా?"

"నువ్వుండు," అన్నాడాయన. భార్య తన తరఫున మాట్లాడితే జీవితంలో మొదటిసారి సిగ్గేసింది. పదిహేనేళ్లలో ఇలా కాగితం లేకుండా ఎన్ని పంపాడో లెక్క తెలీదు. వాటి వెనక ఎందరు గోడలు దూకారో అసలే తెలీదు.

బల్ల సొరుగులోంచి తెల్లకాగితం తీశాడు. కాగితం రాకుండానే లిస్టు పంపింది తానేనని, అడిగింది ఫలానా అధికారి అని, తేదీతో సహా పై అధికారులకు రాశాడు.

"ఉద్యోగం పోతుందేమో, నాన్నా," అంది కూతురు. గొంతులో కోపం సగం కరిగింది.

"పోతే పోనీ. ఒక కాపీ మీవాళ్లకివ్వు, కేసుకి పనికొస్తుంది." సంతకం చేసి, తల ఎత్తకుండా అడిగాడు. "ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుంది? ఒక్కసారి వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

కూతురి కళ్లలో నీళ్లు నిండాయి.

"నీకు చెప్పలేను, నాన్నా."

ఆ మాట ఆయనకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. లేచి, కూతురి తల మీద చెయ్యి వేశాడు.

"చెప్పకు తల్లీ. మళ్లీ అడిగినా చెప్పకు."