సిలిండర్ మోసినవాడు

"ఎలుకపిల్లలకి కాపలానా సార్?" ఏజెంట్ గోపాల్ ముఖం చిన్నబోయింది.

అమెరికాలోని పార్సిప్పనీ ఊళ్ళో అది 2009 అక్టోబర్. చీఫ్ ధర్మారావు నవ్వలేదు.

"నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల కళ్ళలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగి చూపు పోతుంది. ఆ జబ్బునే ఇక్కడి మందుల కంపెనీలో రీసెర్చ్ చేసే మన వర్ష ఎలుకపిల్లల్లో తెప్పిస్తోంది. ఐదు రోజులు డెబ్బై అయిదు శాతం ఆక్సిజన్‌లో ఉంచి బయటికి తీస్తే నాళాలు అలాగే పిచ్చిగా పెరుగుతాయి. వాటిమీద తన మందు టెస్ట్ చేస్తుంది. ఈ బ్యాచ్ పాడైతే కంపెనీ ప్రాజెక్ట్ మూసేస్తుంది. అప్పుడు ఫార్ములా చవగ్గా కొట్టేయాలని ఒక ఫారిన్ రింగ్ కాచుకుంది. ఆ రింగ్‌లో మనం పెట్టిన మనిషి ఛాయాదేవి. ఆవిణ్ణి గుర్తుపట్టే కోడ్ వర్డ్, 'ఆవకాయ ఉందా?'"

మూడో రోజు ఉదయం గోపాల్ నీలం గౌను, తలకి టోపీ, గౌను గుండీలో కెమెరాతో అటెండర్ వేషంలో ఉన్నాడు. గ్యాస్ కంపెనీ యూనిఫాంలో ఛాయాదేవి వచ్చింది. మాస్క్ వేసుకున్నా ఆ కళ్ళు దాగలేదు.

"ఆవకాయ ఉందా?"

గోపాల్ కరిగిపోయాడు.

ఆవిడ కొత్త సిలిండర్ మీద చెయ్యి వేసి మూలిగింది. "నడుం పట్టేసిందండీ గోపాల్ గారూ."

"అయ్యో, మీరెందుకండీ!"

తనే మోశాడు. తనే బిగించాడు. ఆవిడ మీటర్ సరిచూసి, కళ్ళతోనే నవ్వొకటి పారేసి వెళ్ళింది.

పావుగంటకి మీటర్ చూశాడు. 75.0. మళ్ళీ చూశాడు. 75.0. రెండు రోజులుగా ఆ అంకె ఒక్క క్షణం కుదురుగా లేదు. ఆక్సిజన్ కొలిచే సెన్సర్ పెన్ను జేబులోంచి తీసి ఎలుకపిల్లల ఛాంబర్‌లోకి దూర్చాడు. 21. కొత్త సిలిండర్‌లో ఉన్నది మామూలు గాలి!

"ఇరవై నిమిషాలు దాటితే బ్యాచ్ పోయినట్టే అంకుల్," అని మొదటిరోజే చెప్పింది వర్ష. పదిహేడు అయ్యాయి.

"గేట్ మూయించండి సార్!" ఫోన్‌లో అరిచి, స్టోర్‌లోని సిలిండర్‌ని భుజానికెత్తుకుని పరుగెత్తాడు. పందొమ్మిదో నిమిషంలో బిగించాడు. పెన్ను మీద అంకె పైకి పాకి డెబ్బై అయిదు దగ్గర ఊగసాగింది.

పార్కింగ్ లాట్‌లో బేడీలు పడ్డా ఛాయాదేవి నవ్వుతూనే ఉంది. "మంచివాడండీ, అడక్కుండానే మోశాడు."

అందరూ విన్నారు, ఒక్క వర్ష తప్ప. ఆ పిల్ల పరుగున వచ్చి, "మీరు లేకపోతే నా ఫైవ్ ఇయర్స్ వేస్టయ్యేవి, అంకుల్," అంది. చెంపదెబ్బ కొట్టినా అంత మండేది కాదు. గోపాల్ సిగ్గుతో తల దించుకున్నాడు.

"సిలిండర్ తెచ్చింది నేనేనమ్మా. మొదటిది కూడా."

రిపోర్ట్‌లోనూ తప్పు చేసినవాడి దగ్గర తన పేరే రాశాడు. ధర్మారావు అది చదివి, తలెత్తకుండానే అడిగాడు.

"రెండు మోశావుగా, నీ నడుం ఎలా ఉంది?"