తలుపు ఊడదీసిన ఉదయం

వడ్రంగి పొద్దున్నే పనిలోకి దిగాడు. ఆ పని బయటివాళ్ళది కాదు, సొంత కూతురి గది తలుపుది. మూడు బందులు, ఒక్కో బందుకు నాలుగు స్క్రూలు. ఊళ్ళో సగం ఇళ్ళకు తలుపులు బిగించిన మనిషికి ఒకటి ఊడదీయడం ఎంతసేపు? తెచ్చి హాల్లో గోడకు ఆనించాడు.

వంటింట్లోంచి భార్య తొంగి చూసింది. "ఇదేం పనండీ? ఎదిగిన పిల్ల గదికి తలుపు లేకపోతే ఎలా?"

"నువ్వు నోర్ముయ్! తలుపేసుకుని ఆ హెవీ మెటల్ పాటల గోల వినీ వినీ దానికి పిచ్చెక్కింది. క్లాసులో తోటి పిల్లని తోసేస్తుందా? బెంచీ తగిలి ఆ పిల్ల నుదురు చిట్లింది. ఇంకోసారి చెయ్యెత్తితే కాలేజీ నుంచి పంపించేస్తామని ప్రిన్సిపాల్ నిన్న మొహం మీదే చెప్పింది."

భార్య నోరు మూసుకుంది. ఇరవై ఏళ్ళుగా ఆ మాటకు ఆమె చేసే పని అదే.

నిన్నటి నుంచి అతనికి ముద్ద దిగలేదు. నెమ్మదస్తురాలని తనే 'గువ్వ' అని పిలుచుకున్న పిల్ల. చదువు ఆగిపోతే దాని గతేంకాను? ఆ భయాన్ని భయంలా చెప్పడం అతనికి చేతకాదు. కోపంగా అయితే ఎంతైనా చెప్పగలడు.

స్నానం చేసి వచ్చిన గువ్వ తలుపు లేని గుమ్మంలో ఆగిపోయింది. లోపల బల్ల మీద తన చిన్న స్పీకర్, దాని ముందు సుత్తి ఎత్తిన నాన్న.

"వద్దు నాన్నా."

"ఏం, దీన్ని ముట్టుకుంటే నన్నూ తోసేస్తావా? కొట్టడం ఈ అరుపుల్లోనేగా నేర్చుకున్నావ్!"

"పాటల్లో చేతులుండవు నాన్నా." గువ్వ చూపు దించలేదు. "వాళ్ళు అరుస్తారు, అంతే. నా మీద కాదు. నువ్వు అమ్మ మీద అరిచేది వినపడకూడదనే నేను సౌండ్ పెంచుతాను. నిన్న ఆ పిల్ల నన్ను నోర్ముయ్ అంది. చెయ్యి దానంతటదే లేచింది."

సుత్తి గాలిలోనే ఆగింది. వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఆమె చూస్తున్నది కూతుర్ని కాదు, అతని చేతిని. ఆ కళ్ళలో భయం కొత్తది కాదని, ఇన్నాళ్ళూ తనే చూడలేదని అర్థమయ్యేసరికి అతను మంచం మీద కూలబడ్డాడు.

"తప్పు నాదే గువ్వా."

"నాదీ ఉంది. పాటల మీదకో నీ మీదకో నెట్టేస్తే ఆ పిల్ల నుదుటి మీద కుట్లు పోవు. ఇవాళ వాళ్ళింటికెళ్ళి క్షమించమని అడుగుతా."

"నేనూ వస్తా. కానీ ఎలా అడగాలో నాకు తెలీదమ్మా. ఇన్నేళ్ళలో ఎవర్నీ అడిగినవాణ్ణి కాదు."

గువ్వ అతని చేతిలోంచి సుత్తి తీసి పక్కన పెట్టింది. "ముందు అమ్మ దగ్గర మొదలుపెట్టు."

గదికీ వంటింటికీ మధ్య పట్టుమని పదడుగులు లేవు. అవి నడవడానికి అతనికి చాలాసేపు పట్టింది. భార్య ఎదుట తలవంచుకుని నిలబడ్డాడు.

"నన్ను... క్షమించు."

"ఇంకోసారి అనండి" అంది ఆమె, ఏడుస్తూనే.